అమ్మే ఇంటికి ఫోటోలు: గేటు దగ్గర మొదలుపెట్టి పిట్టగోడ దాకా

గుజరాతీపేటలోనో, బలగలోనో, అరసవల్లి దారిలోనో ఉన్న మీ ఇంటిని అమ్మకానికి పెట్టారనుకుందాం. కొనబోయే మనిషి శ్రీకాకుళంలోనే ఉంటాడని లేదు. విశాఖలో ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు, హైదరాబాద్‌లో ఉండొచ్చు, గల్ఫ్‌లో ఉండి అమ్మానాన్నల కోసం ఇల్లు వెతుకుతూ ఉండొచ్చు. ఆయన ముందు చూసేది ఫోన్లో ఫోటోలే. అవి చూసి మనసు కుదిరితేనే సెలవు పెట్టి, ఆమదాలవలస స్టేషన్లో దిగి, ఇంటి దాకా వస్తాడు. కాబట్టి మీ ఫోటోలు ఆయన్ని గేటు దగ్గర నిలబెట్టి గది గదీ తిప్పాలి. హాల్లోంచి వంటింటికి దారి ఎటు, ఏ గదికి ఎన్ని కిటికీలు, వెలుతురు ఎంత, పెరట్లో నీళ్ల సంగతేమిటి, ఇవన్నీ ఆయన అడగకుండానే తెలియాలి. తీరా వచ్చి చూశాక "ఫోటోలో ఇలా లేదే" అనిపించకూడదు. మంచి కెమెరా ఉంటే మేలే, లేకపోయినా ఆగిపోనక్కర్లేదు. పనిలో పెద్ద భాగం కెమెరా బయటికి తీయకముందే ఉంటుంది.

ఇల్లు ఎటు చూస్తోంది, ఎండ ఎప్పుడు పడుతోంది

అరసవల్లి గుళ్లో మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మన దగ్గర అందరికీ తెలుసు. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు తూర్పు దిక్కున దాదాపు ఒకే చోట పొడుస్తాడు. మిగతా రోజుల్లో ఆ చోటు అటూ ఇటూ జరుగుతుంది. జూన్ చివరికి సరైన తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివరికి అంతే దక్షిణంగా జరుగుతుంది. మీ ఇంటి ముఖం మీద ఎండ ఏ నెలలో, ఏ గంటకు పడుతుందో నిర్ణయించేది ఈ జరుగుడే. తేదీ పెట్టుకునే ముందు ఒక రోజంతా గమనించి, ముఖద్వారం గోడ మీద ఎండ ఏ గంటకు వచ్చి ఏ గంటకు పోతోందో కాగితం మీద రాసుకోండి.

తూర్పు ముఖం ఇంటికి ఎండాకాలంలో 6 నుంచి 8 మధ్య, చలికాలంలో 7 నుంచి 9 మధ్య బాగుంటుంది. ఆ తర్వాత పోర్టికో కింద నీడ నల్లగా గడ్డకట్టినట్టు పడుతుంది. పడమర ముఖం ఇంటికి సాయంత్రం, సూర్యుడు దిగడానికి రెండు గంటల ముందు నుంచి. దక్షిణ ముఖం ఇంటికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజంతా ఎండ ఉంటుంది. ఉదయం 8 నుంచి 10 లోపు తీస్తే గోడ మీది గీతలు, కిటికీ మీది సన్‌షేడ్లు చక్కగా తేలతాయి.

ఉత్తర ముఖం ఇల్లు అసలు చిక్కు. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణాన తిరుగుతాడు. మీరు వీధిలో నిలబడి ఇంటి వైపు చూస్తే ఎండ నేరుగా మీ లెన్స్‌లో పడుతుంది, ఇంటి ముఖం నల్లబడుతుంది. దీనికి రెండు దారులు ఉన్నాయి. పల్చటి మబ్బు కమ్మిన రోజు తీయడం, లేదంటే పొద్దు గుంకాక తీయడం. మే మధ్య నుంచి జూలై నెలాఖరు దాకా మాత్రం శ్రీకాకుళం, విజయనగరాల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు గోడ మీద పడుతుంది. ఉత్తర ముఖం ఇంటికి ఏడాదిలో దొరికే మంచి వెలుతురు అదే. వేసవిలో అమ్మే ఆలోచన ఉంటే ఆ రోజులు వదులుకోకండి.

లోపలి గదులకు లెక్క వేరు. ఏ గది కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోందో ఆ గదిని ఆ పూట వదిలేయండి. తూర్పు గదులు మధ్యాహ్నం, పడమటి గదులు ఉదయం తీయాలి. నేల మీద ఎండ చతురస్రంగా పడితే అక్కడి టైల్స్ తెల్లగా కాలిపోయినట్టు, మూలలు చీకటిగా వస్తాయి.

తేదీ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు ఉంటే వాయిదా వేయండి. అరసవల్లి గుడి చుట్టుపక్కల ఇళ్లకు ఆదివారం, రథసప్తమి పనికిరావు. వీధి నిండా బళ్లే ఉంటాయి. విజయనగరంలో కోట, మూడు లాంతర్ల ప్రాంతంలో ఇల్లయితే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉన్న వారం మానుకోండి.

సర్దడానికి రెండు రోజులు

ఒక్క పూటలో సర్దేసి తీద్దామనుకుంటే ఆ హడావుడి ఫోటోలో కనబడుతుంది. మొదటి రోజు మరమ్మతులు, కడుగుడు. రెండో రోజు సామాను తీయడం. ఫోటోలు మూడో రోజు.

వానాకాలం దాటిన ఇంటికి పిట్టగోడ అంచుల నుంచి నల్లటి చారలు దిగి ఉంటాయి. అది పాచి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు చల్లి, ఒక అరగంట నాననిచ్చి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగితే చాలావరకు పోతుంది. ఆ నీళ్లు మొక్కల మీద, ఇనుప గ్రిల్స్ మీద పడకుండా చూసుకోండి. సముద్రపు గాలి తగిలే కళింగపట్నం, బారువ వైపు ఇళ్లలో గ్రిల్స్ తుప్పు పట్టి ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది, తుప్పు ఆపే ప్రైమర్ ఒక పూత, ఆపైన రంగు వేయండి. లోపలి గోడల మీద చెమ్మ మచ్చ ఉంటే రంగు పూసి కప్పేయడం శుద్ధ దండగ. పైన పైపు కారుతోందో, శ్లాబు బీట ఇచ్చిందో చూసి ముందు అది బాగుచేయించండి. కారణం పోకపోతే కొనేవాడు వచ్చేలోపు మచ్చ మళ్లీ తేలుతుంది. అప్పుడు అతను ఆ మచ్చ ఒక్కదాన్నే కాదు, ఇల్లంతా అనుమానిస్తాడు.

ఇక సామాను. గోడల మీది క్యాలెండర్లన్నీ దించండి. కిరాణా కొట్టువాళ్లవి, బంగారం కొట్టువాళ్లవి, దేవుడి బొమ్మలవి కలిపి ఏ ఇంట్లో చూసినా నాలుగైదు ఉంటాయి. మేకు అలాగే ఉండిపోతే అదీ పీకి, చిల్లు పూడ్చి రంగు అద్దండి. దండ వేసిన పెద్దల ఫోటోలను ఇంటివాళ్ల చేతే తీయించి, ఒక గదిలో శుభ్రమైన గుడ్డ మీద పెట్టించండి. ఇది పరాయివాళ్లు చేయాల్సిన పని కాదు. ఫ్రిజ్ మీది డబ్బాలు, స్టిక్కర్లు, సోఫా మీది తువ్వాళ్లు, తలుపు వెనక తగిలించిన బట్టలు, మంచాల కింది పెట్టెలు, వీధి గుమ్మం దగ్గరి చెప్పులు అన్నీ కనబడని చోటికి పోవాలి. అటక మీది సామాను కూడా ఫోటోలో పడుతుంది. వైడ్ లెన్స్ కంటికి పట్టనిదంతా పట్టేస్తుంది. సామానంతా ఒక గదిలో కుక్కి, ఆ గదిని ఆఖర్న ఖాళీ చేసి తీసుకోండి.

గుమ్మానికి తోరణం, పసుపు, కుంకుమ ఉంటే ఉండనివ్వండి. ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గు వేస్తే తడి నేల ముదురు రంగులో వస్తుంది, దాని మీద ముగ్గు తెల్లగా నిలుస్తుంది. ఉదయం తీసే ఫోటోకి ఇంతకంటే మంచి అలంకారం లేదు. దిష్టి గుమ్మడికాయ ఎండి వేలాడుతుంటే కొత్తది కట్టండి.

కెమెరా, స్టాండ్, బల్బులు

పెద్ద సెన్సర్ (కాంతిని పట్టే చిప్) ఉన్న కెమెరాకైతే 16-35 మి.మీ. లెన్స్, చిన్న సెన్సర్ దానికైతే 10-18 మి.మీ. లెన్స్ సరిపోతుంది. దాన్ని పూర్తిగా వెడల్పు (అన్నిటికంటే తక్కువ అంకె) దగ్గర పెట్టకండి. పెద్ద సెన్సర్ మీద 20 నుంచి 24, చిన్నదాని మీద 13 నుంచి 16 మధ్య తీస్తే గది ఉన్నంతలోనే కనబడుతుంది. అంతకంటే వెడల్పుకు పోతే దగ్గరున్న సోఫా పడవలా సాగుతుంది, 10 అడుగుల గది 16 అడుగుల్లా కనబడుతుంది. కొనేవాడు లోపల అడుగుపెట్టగానే ముఖం మారేది ఇక్కడే.

ఫోన్‌తో తీసేవాళ్లు 1ఎక్స్ లెన్స్‌నే ఎక్కువగా వాడండి. 0.5ఎక్స్ లెన్స్ బాత్‌రూమ్‌కీ, మెట్ల కిందికీ, మరీ ఇరుకు చోటికీ మాత్రమే. ఫోన్ సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి. ఫోన్ లెన్స్ మీద వేలి జిడ్డు ఉంటే కిటికీ చుట్టూ పొగ కమ్మినట్టు వస్తుంది. ప్రతి గదికీ ముందు మెత్తటి గుడ్డతో ఒకసారి తుడవండి.

స్టాండ్ తప్పనిసరి. ఫోన్‌కైనా, కెమెరాకైనా. గదిలో వెలుతురు తక్కువ కాబట్టి అర సెకను, ఒక సెకను కూడా షట్టర్ (కాంతిని లోపలికి వదిలే తలుపు) తెరిచి ఉంచాల్సి వస్తుంది. చేత్తో పట్టుకుంటే అంతా చెదురుతుంది. స్టాండ్ కాళ్లకు రబ్బరు బుడిపెలు లేకపోతే గుడ్డ చుట్టండి, పాలిష్ నేల మీద గీతలు పడవు.

బల్బుల సంగతి చాలామంది పట్టించుకోరు. హాల్లో ట్యూబ్‌లైటు తెల్లగా 6500 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు), ఫాల్ సీలింగ్‌లో చిన్న లైట్లు పసుపుగా 3000 కెల్విన్, కిటికీలోంచి పగటి వెలుతురు, మూడూ కలిస్తే ఒకే గోడ ఒక వైపు నీలంగా, ఒక వైపు పసుపుగా వస్తుంది. తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. పగటి వెలుతురు సరిపడా ఉన్న గదుల్లో లైట్లన్నీ ఆర్పేయండి. చీకటి గది అయితే ఆ గదిలో అన్నీ ఒకే రకం ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి. లైటు వేసి తీసేటప్పుడు షట్టర్ 1/50 సెకను గానీ అంతకంటే నెమ్మదిగా గానీ ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని రకాల బల్బులు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ వేగంగా ఉంటే ఫోటో మీద అడ్డచారలు పడతాయి.

ఏసీ గదిలో ఉన్న కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే మన ఉక్కపోతకు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. సంచిలోనే ఉంచి 20 నిమిషాలు బయట పెట్టి, ఆ తర్వాత తీయండి. లేదా ఉదయం నుంచే ఏసీలు ఆపేయండి.

గదిలో ఎక్కడ నిలబడాలి

ముందు కెమెరా లేకుండా గది గుమ్మంలో నిలబడండి. లోపలికి వచ్చేవాడికి మొదట కనబడేది ఏదో చూడండి. సాధారణంగా ఒక ఫోటో గుమ్మంలోంచి, ఒక ఫోటో దానికి ఎదురు మూలలోంచి తీస్తే గది తెలిసిపోతుంది. రెండో దాంట్లో గుమ్మమూ, దాని అవతలి గది కాస్తా కనబడాలి. అలా కనబడితేనే చూసేవాడు "హాల్లోంచి ఇటు తిరిగితే వంటిల్లు" అని మనసులో నడవగలడు. మూలకు ఆనుకుని తీసినప్పుడు రెండు గోడలు చాలు. మూడు గోడలు ఇరికించాలని చూస్తే గది సొరంగంలా వస్తుంది.

కెమెరా ఎత్తు నేల నుంచి 4 అడుగులు. నిలబడి కంటి దగ్గర పెట్టుకుని తీస్తే మంచాలు, సోఫాలు పైనుంచి చూసినట్టు నలిగిపోయి కనబడతాయి. 10 అడుగుల ఎత్తు గదిలో 4 అడుగుల దగ్గర పెడితే నేలా పైకప్పూ తూకంగా వస్తాయి. పడకగదిలో మంచం తక్కువ ఎత్తుది అయితే మూడున్నరకు దించండి.

అన్నిటికంటే ముఖ్యం: కెమెరాను పైకీ వంచొద్దు, కిందికీ వంచొద్దు. వంచగానే గోడలు లోపలికి పడుతున్నట్టో బయటికి వాలుతున్నట్టో వస్తాయి. చూసేవాడికి తప్పేమిటో చెప్పడం రాదు గానీ ఇల్లు ఒరిగినట్టు అనిపిస్తుంది. గ్రిడ్ నిలువు గీతకు తలుపు చట్రం సమానంగా ఉందో లేదో ప్రతి ఫోటోకీ చూడండి. పైకప్పు మరీ ఎక్కువ వస్తోందనిపిస్తే కెమెరాను వంచే బదులు స్టాండ్ ఎత్తు తగ్గించండి, లేదా పైభాగం తర్వాత కత్తిరించండి.

ఇప్పుడు సెట్టింగులు. ఐఎస్ఓ (కెమెరా కాంతికి స్పందించే స్థాయి) 100 లేదా 200, అపర్చర్ (లెన్స్‌లో కాంతి దూరే రంధ్రం) ఎఫ్ 8, రా ఫైలు (కెమెరా మార్చని అసలు ఫైలు). గదిలో మూడో వంతు దూరంలో ఉన్న వస్తువు మీద ఫోకస్ చేసి, ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టేయండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా రావడానికి చేసే రంగు సర్దుబాటు) కూడా ఆటోలో వద్దు, గది మొత్తానికి ఒకటే ఉంచండి. కిటికీ బయటి వెలుతురు గదిలో వెలుతురుకంటే చాలా రెట్లు ఎక్కువ. ఒక్క ఫోటోలో రెండూ పట్టవు: గది బాగుంటే కిటికీ తెల్లగా పేలిపోతుంది, కిటికీ బాగుంటే గది చీకటి. అందుకే కదలకుండా ఒకే చోటి నుంచి మూడు తీయాలి. మొదటిది మామూలుగా, రెండోది రెండు స్టాపులు తక్కువ వెలుతురుతో, మూడోది రెండు స్టాపులు ఎక్కువతో (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగం, పెంచితే రెట్టింపు). కిటికీ మీద ఎండ గట్టిగా ఉంటే నాలుగు స్టాపులు తక్కువతో ఇంకొకటి కలపండి. అపర్చర్ మార్చకుండా షట్టర్ వేగం ఒక్కటే మార్చాలి. అపర్చర్ మారితే ఫోకస్ లోతు మారి, మూడూ కలిపినప్పుడు మసకగా వస్తుంది. కెమెరాలో ఇలా వరుసగా తీసే బ్రాకెటింగ్ అనే ఏర్పాటు ఉంటుంది, 2 సెకన్ల టైమర్‌తో కలిపి వాడితే బటన్ నొక్కిన కుదుపు కూడా పడదు.

మూడూ తీసేటప్పుడు గదిలో ఏదీ కదలకూడదు. ఫ్యాన్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగే దాకా ఉండండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే కర్టెన్లు ఊగుతాయి, కలిపిన ఫోటోలో దయ్యాల్లా రెండు మూడు అంచులు వస్తాయి. కిటికీ తలుపు ఒకటి వేసి గాలి ఆపండి.

ఫ్లాష్ వాడితే తెల్లటి పైకప్పుకు కొట్టించండి. మన ఇళ్లలో గోడలకు ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగులు ఎక్కువ. ఫ్లాష్‌ను గోడకు కొట్టిస్తే ఆ రంగు తిరిగొచ్చి గదంతా పులుముకుంటుంది. టీవీ, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం, బీరువా అద్దం, మెరిసే టైల్స్, వీటిల్లో మీరూ స్టాండూ కనబడతారు. ఒక అడుగు పక్కకు జరిగితే చాలాసార్లు పోతుంది. పోకపోతే 10 సెకన్ల టైమర్ పెట్టి గదిలోంచి బయటికి వెళ్లిపోండి.

ఖాళీ ఇల్లు ఫోటోలో ఎంత పెద్దదో అంచనా అందదు. ఒక్కో గదికి ఒక వస్తువు చాలు: పడకగదిలో ఒక మంచం, హాల్లో రెండు కుర్చీలు. అవీ లేకపోతే తలుపు, ఫ్యాన్ ఫోటోలో పడేలా చూడండి. వాటి సైజు అందరికీ తెలుసు కాబట్టి గది కొలత కంటికి అందుతుంది.

వంటిల్లు, పూజ గది, బాత్‌రూమ్

వంటిల్లు అమ్మకాన్ని తేల్చే గది. గట్టు మీద స్టౌ, ఒక ఇత్తడి బిందెనో పళ్ల బుట్టనో తప్ప ఏమీ ఉంచకండి. మిక్సీ, గ్రైండర్, ప్లాస్టిక్ డబ్బాలు, పాత్రలు తోమే పీచు, పిండి సంచులు అన్నీ తీయాలి. సిలిండర్‌ను గట్టు కింది అర తలుపు వెనక దాచండి. స్టౌ పైన గోడ మీది నూనె జిడ్డు వంటసోడా, వేడినీళ్లతో తుడవాలి, ఫోటోలో అది గోధుమరంగు మచ్చలా వస్తుంది. గట్టు సాధారణంగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తు ఉంటుంది. కెమెరాను నాలుగున్నర అడుగుల దగ్గర పెడితే గట్టు పైభాగం కాస్త కనబడుతుంది, గ్రానైట్ ఎంత పొడవో తెలుస్తుంది. ఒక ఫోటో గట్టుకు నేరుగా ఎదురుగా, ఒకటి వాష్ ఏరియా తలుపు కనబడేలా. ఒక సొరుగు తెరిచి లోపలి పని చూపిస్తే మంచిది, అన్నీ తెరవద్దు.

పూజ గది విషయంలో ఇంటివాళ్ల మాటే మాట. విగ్రహాలను ఫోటో తీయడం ఇష్టపడని కుటుంబాలు ఉంటాయి. ముందే అడగండి. వద్దంటే తలుపులు మూసి చెక్కడం పని కనబడేలా తీయండి. సరేనంటే చెప్పులు విడిచి, స్టాండ్ కాళ్లకు శుభ్రమైన గుడ్డ వేసి, నేరుగా ఎదురుగా నిలబడి తీయండి. ఒక దీపం వెలిగించి ఉంటే చాలు. అగరుబత్తి పొగ మాత్రం ఫోటోలో మసకలా పడుతుంది.

బాత్‌రూమ్‌కు ఒక్క ఫోటో. బకెట్లు, మగ్గులు, సబ్బులు, బ్రష్షులు తీసేసి, నేల తుడిచి ఆరనిచ్చి, కమోడ్ మూత వేసి, గుమ్మంలోంచి తీయండి.

వీధి, పెరడు, మేడ

పాత ఊళ్లో సందులు ఇరుకు. గుజరాతీపేటలోనో, విజయనగరంలో కోట చుట్టూ వీధుల్లోనో ఇంటి మొత్తం పట్టేలా వెనక్కి జరగడానికి చోటుండదు. కెమెరాను పైకి వంచి తీస్తే ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎదురింటివాళ్లను అడిగి వాళ్ల మొదటి అంతస్తు బాల్కనీలోంచో మేడ మీదినుంచో తీయండి. కుదరకపోతే వీధిలో ఒక పక్కకు 20, 30 అడుగులు నడిచి, ఇంటి ముఖం, పక్క గోడ రెండూ కనబడే ఏటవాలు కోణంలో తీయండి. కరెంటు తీగలు ఇంటి మీద అడ్డంగా పడుతుంటే రెండు అడుగులు అటూ ఇటూ జరిగి, అవి పిట్టగోడ అంచు మీదకో ఆకాశంలోకో వెళ్లేలా చూడండి. బళ్లు, సైకిళ్లు తీయించండి, కాలువలో చెత్త ఎత్తించండి, ప్రహరీ మీది పాత పోస్టర్లు పీకించండి.

వీధి ఫోటోలు రెండు తప్పకుండా ఉండాలి, గేటు దగ్గర నిలబడి అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి. కారు వస్తుందా, రోడ్డు సిమెంటుదా, కాలువ కప్పి ఉందా అనేవి దూరం నుంచి కొనేవాడి మొదటి ప్రశ్నలు.

పెరట్లో నుయ్యి, బోరు, మోటారు, కొబ్బరి చెట్లు విడివిడిగా తీయండి. మోటారు వేసి, కుళాయిలోంచి నీళ్లు పడుతుండగా ఒకటి తీస్తే నీళ్ల గురించి పది మాటలు చెప్పక్కర్లేదు. మేడ మీద శ్లాబు, ట్యాంకు, పిట్టగోడ ఎత్తు, చుట్టూ కనబడే దృశ్యం తీయండి. నాగావళి వైపు చూసే ఇల్లయితే ఆ ఫోటో ఉదయం తీయండి. మధ్యాహ్నానికి దూరం మసకబారుతుంది. పెంకుటింటి మండువా లోగిలి విషయంలో పొరపాటు జరిగేది మిట్టమధ్యాహ్నం: నడుమ ఎండ మండుతూ, చుట్టూ వసారాలు నల్లగా ఉంటాయి. ఉదయం 9 లోపు, ఎండ పైపెంకుల మీదే ఉన్నప్పుడు తీస్తే దూలాలు, స్తంభాలు చెక్కడంతో సహా కనబడతాయి.

డ్రోన్ ఫోటోలు పెద్ద స్థలం, తోట ఉన్న ఇంటికే అవసరం. మూడు సెంట్ల ఇంటికి డ్రోన్‌తో తీస్తే కనబడేది పక్కిళ్ల ట్యాంకులే. ఎగరేసే ముందు డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి. పచ్చ రంగులో ఉంటే 400 అడుగుల లోపు ముందస్తు అనుమతి అక్కర్లేదు; పసుపు, ఎరుపు ఉంటే అనుమతి లేకుండా ఎగరేయకూడదు. భోగాపురం విమానాశ్రయం వైపు ఇళ్లకు ఇది తప్పకుండా చూసుకోవాలి.

పొద్దు గుంకాక పదిహేను నిమిషాలు

ఇల్లంతా లైట్లు వెలిగి, వెనక ఆకాశం ముదురు నీలంగా ఉన్న ఫోటో జాబితాలో మొదట నిలవడానికి సరైనది. చలికాలంలో ఉత్తర ముఖం ఇళ్లకైతే ఇది పెద్ద ఆసరా. మన దగ్గర సంధ్య త్వరగా అయిపోతుంది. సూర్యుడు అస్తమించాక 10 నిమిషాలకు మొదలుపెట్టి 25 నిమిషాల లోపు ముగించాలి. డిసెంబరు చివర్లో శ్రీకాకుళంలో సూర్యాస్తమయం సాయంత్రం 5:25 ప్రాంతంలో, జూన్ చివర్లో 6:30 దాటాక. అరగంట ముందే స్టాండ్ పెట్టి, ఫ్రేము సరిచూసి, అన్ని గదుల్లో, పోర్టికోలో, గేటు స్తంభాల మీద లైట్లు వేయించి, కర్టెన్లు తెరిపించి ఉంచండి. రెండు నిమిషాలకొకటి తీస్తూ పోండి. కిటికీల వెలుతురూ ఆకాశపు నీలమూ సమానమయ్యే ఫోటో వాటిల్లో ఒకటుంటుంది. ఈ ఒక్కదానికీ ఇంట్లో బల్బులు పసుపు రంగువైతే బాగుంటాయి.

సరిదిద్దేటప్పుడు హద్దు

లైట్‌రూమ్ లాంటి ఫోటోలు సరిదిద్దే యాప్‌లో పని వరుస ఇది. మొదట మూడు ఫోటోలు కలపడం, తర్వాత లెన్స్ వంపు సరిచేయడం, తర్వాత నిలువు గీతలు, తర్వాత రంగు. రంగు సరిచేయడానికి తెల్ల స్విచ్‌బోర్డు మీద నొక్కండి, ప్రతి గదిలో ఉండే నమ్మకమైన తెలుపు అదే. నీడలు కొంచెం పైకి తేవచ్చు. మరీ తెస్తే కిటికీ చుట్టూ తెల్లటి వలయాలు వస్తాయి, గోడలు బూడిద రంగుకు తిరుగుతాయి. రంగుల గాఢత పెంచకండి.

నేల మీద పడిన దుమ్ము మరకనో, తీయడం మరిచిపోయిన తాడునో చెరిపేస్తే తప్పు లేదు. ఇంటి ముందు కరెంటు స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మర్‌ని, గోడ బీటను, పక్కింటి ఎత్తు గోడను చెరపకూడదు. ఇల్లు కొన్నాక కూడా అక్కడ ఉండేవన్నీ ఫోటోలోనూ ఉండాలి.

పొడవు వైపు 2000 నుంచి 2500 పిక్సెళ్లు, జేపెగ్ నాణ్యత 80 నుంచి 85 పెట్టి దాచుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే నలుగురి చేతులు మారేసరికి టైల్స్ గీతలు కూడా మాయమవుతాయి.

బయటపెట్టకూడనివి

ఫోటో ఫైల్లో ఇల్లు ఉన్న చోటు జీపీఎస్ లెక్కలు దాగి ఉంటాయి. పెట్టే ముందు తీసేయండి. బీరువా, లాకరు, సీసీ కెమెరా పెట్టె, మేకుకు తగిలించిన తాళంచెవులు, కరెంటు మీటరు సర్వీసు నంబరు, బళ్ల నంబర్లు, పిల్లల ఫోటోలు, స్కూలు బ్యాగులు కనబడకూడదు. తాళంచెవి ఫోటో చూసి నకలు చేయగలవాళ్లున్నారు. దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) కాగితాలు ఎప్పుడూ ఫోటోగా బహిరంగంగా పెట్టొద్దు. ఇల్లు ఖాళీగా ఉంటే ఆ మాట రాయకండి. అద్దెకున్నవాళ్లుంటే ముందే రోజు, గంట చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే లోపలికి వెళ్లండి.

ఫోటోలు ఎత్తుకుపోయి, అదే ఇంటిని అద్దెకిస్తామని చెప్పి అడ్వాన్సు గుంజే మోసాలు జరుగుతున్నాయి. ప్రతి ఫోటో నడుమ పల్చగా "అమ్మకానికి మాత్రమే" అని, నెల, సంవత్సరం వేయండి. మూలకు వేస్తే కత్తిరించేస్తారు.

వరుస, కింద రాసే మాట

రెండు పడకగదుల ఇంటికి 18 నుంచి 22 ఫోటోలు చాలు. ఒకే హాలు ఆరు కోణాల్లో పెడితే చూసేవాడు దాన్ని ఆరు గదులుగా పొరబడి తికమకపడతాడు. వరుస ఇంట్లో నడిచినట్టే ఉండాలి: ఇంటి ముఖం, గేటు, వరండా, హాలు, హాల్లోంచి కనబడే పూజ గది, వంటిల్లు, వాష్ ఏరియా, పడకగదులు, వాటి బాత్‌రూములు, పెరడు, మెట్లు, మేడ, చివర వీధి రెండు వైపులా. ఫైళ్లకు 01, 02 అని అంకెలు ముందు పెట్టండి, ఎవరికి పంపినా వరుస చెదరదు.

ప్రతి ఫోటో కింద ఒక వాక్యం రాయండి. "హాలు 12 × 16 అడుగులు, గుమ్మంలోంచి, ఎదురుగా ఉన్నది ఉత్తరం కిటికీ" అని. కొలత టేపుతో గోడ నుంచి గోడకు కొలిచి రాయాలి, ప్లాన్‌లోది చూసి కాదు. ప్లాస్టరింగ్, కప్‌బోర్డులు పోను మిగిలేది వేరు. దిక్కు చెప్పడం మరవొద్దు. వాస్తు చూసేవాళ్లు వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, నుయ్యి ఈశాన్యంలో ఉందా అని ముందే అడుగుతారు. స్థలం గజాల్లో, సెంట్లలో రెండు విధాలా రాయండి. ఒక సెంటు 48.4 గజాలు. చేత్తో గీసిన ప్లాన్‌నైనా, కొలతలతో, బాణంతో ఉత్తరం గుర్తు పెట్టి, ఆఖరి ఫోటోగా చేర్చండి.

ఫోటోగ్రాఫర్‌ని పిలుస్తుంటే

మన ఊళ్లలో మంచి పెళ్లి ఫోటోగ్రాఫర్లకు కొదవలేదు. కానీ మనుషుల్ని తీసే లెన్సులు వేరు, గదుల్ని తీసే లెన్సు వేరు. వైడ్ లెన్స్, స్టాండ్ రెండూ తెస్తారా అని ముందే అడగండి. వాళ్లు ఇంతకుముందు తీసిన ఏదైనా గది ఫోటో చూపించమనండి. తలుపు చట్రాలు నిటారుగా ఉన్నాయా, కిటికీలోంచి బయట కనబడుతోందా అని రెండే చూడండి. ఉదయం బయట, పగలు లోపల, సాయంత్రం మళ్లీ బయట అని రెండు పూటలకు మాట్లాడుకోండి. ఒక్క మధ్యాహ్నంలో ముగించేస్తామంటే ఒప్పుకోవద్దు. పెద్ద సైజు ఫైళ్లు, ఆన్‌లైన్‌లో పెట్టే సైజు ఫైళ్లు రెండూ ఇవ్వాలని, ఎక్కడైనా వాడుకునే హక్కు మీదేనని వాట్సాప్ మెసేజ్‌లోనైనా రాయించుకోండి. వాళ్లు వచ్చే రోజు మీ ప్రాంతంలో లైన్ల మరమ్మతుకు కరెంటు తీస్తారేమో ముందు రోజు సాయంత్రమే కనుక్కోండి. సంధ్య ఫోటో ఆ పూట తప్పితే మళ్లీ మరుసటి రోజే.